ఆటో మీ ఇంటి ముందు ఉంది

నాకు భయం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే మంచిది. ఉరుమంటే భయం, బల్లి అంటే భయం, కరెంటు పోతే భయం, వస్తే మళ్ళీ పోతుందని భయం. పెళ్ళయి కాపురానికి వెళ్ళిన కొత్తలో మా అత్తగారు వీధిలో అందరికీ ఒకటే మాట చెప్పింది. "ఈ పిల్ల కాలేజీలో పాఠాలు ఎలాగ సెప్తాదో గానీ, బల్లి పడితే మాత్రం ఊరంతా లేపేస్తాది." అందులో అబద్ధమేమీ లేదు.

నేను నర్సీపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. ఆ ఏడాది నన్ను పట్టుకున్న మొదటి భయం ఒక సబ్జెక్టు. అంతవరకూ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చెప్పే సారు ఉద్యోగం మారి వెళ్ళిపోతే, మా హెడ్డుగారు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "అంతా థియరీయే అమ్మా, చదివి చెప్పేయడమే" అన్నారు. చెప్పేవాళ్ళకేం! నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క సాఫ్ట్‌వేర్ కంపెనీ గడప తొక్కలేదు. ప్రోగ్రాము రాయడం నేర్పగలను. కానీ ఒక వస్తువు ఎవరికి కావాలో కనుక్కొని, వాళ్ళని అడిగి, విన్నది రాసుకొని, కట్టి, పరీక్షించి, వాళ్ళ చేతిలో పెట్టి, ఆ తరవాత కూడా కనిపెట్టుకొని ఉండే మొత్తం వ్యవహారాన్ని నేను పుస్తకంలో చూడడమే. ఈత రాకుండా ఈత నేర్పే ఉద్యోగం దొరికిందనుకుంటూ క్లాసుకి వెళ్ళేదాన్ని. అప్పటికి నాకు నాలుగో నెల. ఒక చేతిలో ఆ పుస్తకం, ఇంకో చేతిలో వేవిళ్ళకి నిమ్మకాయ.

భయపడేవాళ్ళలో ఒక మంచి గుణం ఉంది. మళ్ళీ మళ్ళీ చూసుకుంటారు. మొదటి యూనిట్ పదేపదే చదివితే నాకు అర్థమైంది ఒకటే. పని చెడేది కట్టేటప్పుడు కాదు, అడిగేటప్పుడు. పిల్లలకి అదే చెప్పాను. "మీ అమ్మ కొట్టుకెళ్ళి సబ్బు తెమ్మంటుంది. ఒంటికా, బట్టలకా, గిన్నెలకా అని అడగరు. తెచ్చాక తిట్లు తింటారు. అక్కడ తిట్లతో పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ మొదటి నుంచి కట్టాలి." అందరూ తలలూపారు. తల ఊపడానికి ఏముంది, మా ఊరి గంగిరెద్దు కూడా ఊపుతుంది.

ఇంకో రెండు సంగతులు మాత్రం బల్ల గుద్ది మరీ చెప్పాను. నడుస్తున్న సిస్టమ్‌లో సమాచారాన్ని నేరుగా ముట్టుకోకండి. తప్పనిసరైతే ముందు కాపీ తీసి పక్కన పెట్టుకోండి. మార్చేటప్పుడు ఎవరి వరసలో మార్చాలో కచ్చితంగా చెప్పండి. "అటెండెన్స్ రిజిస్టర్ అనుకోండి. ఎవరి పేరు ఎదురుగానో చెప్పకుండా 'ఆబ్సెంట్ వెయ్యి' అంటే కంప్యూటరు ఏం చేస్తుంది? క్లాసందరికీ ఆబ్సెంట్ వేస్తుంది. దానికి మీ మీద కోపం ఉండి కాదు, చెప్పింది చేస్తుంది." అది విని బాగా నవ్వారు.

ప్రాజెక్టులు ఇచ్చే సమయానికి ఒక జట్టు నా దగ్గరికి వచ్చింది. ముగ్గురు అబ్బాయిలు, వాళ్ళ మీద పెత్తనం చేసే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిది కొయ్యూరు వైపు కొండ ఊరు. చురుకైనది, మాట పడదు.

"మేడం, నెలలు నిండినోల కోసం ఆటో రప్పించే యాప్ సేద్దామనుకుంటున్నామండి" అంది.

మా వైపు అంబులెన్సు లేక కాదు. ఉంది, వస్తుంది. కానీ ఒక కేసు కోసం కొండెక్కిందంటే అది దిగేదాకా కింద ఉన్నవాళ్ళు కాచుకోవాలి. ఆ మధ్యలో షేర్ ఆటోలను వాడుకోవాలని వీళ్ళ ఆలోచన. ఫోన్లో ఎర్ర బటన్ నొక్కితే ఆ ఇంటికి దగ్గర్లో ఉన్న ఆటోకి కబురు వెళ్తుంది. ఆలోచన మంచిదే. అయితే వాళ్ళు అప్పటికే యాప్‌కి పేరు పెట్టేశారు, బొమ్మ గీసేశారు, రంగు దగ్గర కొట్టుకుంటున్నారు.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస. ముందు ఊళ్ళోకి పోయి అడగండి" అని కసిరాను.

"సూలుకి మీరున్నారు కదా మేడం" అన్నాడు వాళ్ళలో ఒకడు. తిట్టాలనుకుని నవ్వేశాను.

నిజంగానే వెళ్ళారు. ఆ చుట్టుపక్కల ఆశా వర్కర్లని బతిమాలి, వాళ్ళ వెంట ఇల్లిల్లూ తిరిగారు. ఏ నెల, ముందు కాన్పు ఎలా జరిగింది, ఇంట్లో ఎవరి దగ్గర ఫోనుంది, సిగ్నల్ ఎక్కడ అందుతుంది, వాగు పొంగితే ఏ దారి. అన్నీ అడిగారు. ఇంటి ముందు నిలబడి ఫోన్లో నొక్కితే ఆ చోటు యాప్ వెనక ఉండే పట్టికలో, వాళ్ళ పేరు ఎదురుగా పడిపోయేలా చేశారు. సెమిస్టర్ అయిపోయినా వదల్లేదు. వాళ్ళు రాసుకొచ్చిన అవసరాల పత్రం చదివి నేను పొంగిపోయాను. పేజీ పేజీకి సంతకం పెట్టాను.

మొదటి పరీక్ష నా మీదే. అప్పుడు నేను కృష్ణదేవిపేట దగ్గర మా అత్తవారింట్లో ఉంటూ రోజూ కాలేజీకి వచ్చేదాన్ని. మా ఆయనది విశాఖలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చేవారు. పిల్లలు మా ఇంటికి వచ్చి, వీధి అరుగు ముందు నిలబడి, ఇంటి చోటు ఎక్కించారు. నేను బటన్ నొక్కాను. కాసేపటికి ఆటో వచ్చి సరిగ్గా అరుగు ముందు ఆగింది. మా అత్తగారు కొబ్బరి చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చి, "ఓలమ్మో, ఇది నిజంగా ఒచ్చీసిందే!" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికీ వేయించిన జీడిపప్పు పెట్టింది. పరీక్ష పాస్.

వేసవి సెలవుల్లో ఆ చుట్టుపక్కల గర్భిణుల పేర్లు పట్టికలో ఎక్కించారు, నర్సీపట్నం నుంచి అన్ని వైపులకీ తిరిగే ఆటోవాళ్ళని చేర్చారు. ఇంకో రెండు నియమాలు పెట్టారు. అల్లరికి ఎవరూ ఇంటి చోటు మార్చకుండా ఆ మార్పు జట్టు మాత్రమే చెయ్యగలగాలి. భయంతో బటన్ పదిసార్లు నొక్కితే పది ఆటోలు పోగవకుండా, ఒక మనిషికి ఒక ఆటో కుదిరాక, ఆ మనిషి అందులో ఎక్కేదాకా ఇంకోటి పిలవకూడదు. రెండో నియమాన్ని నేను మిగతా జట్లకి ఉదాహరణగా చెప్పి మెచ్చుకున్నాను కూడా.

తొమ్మిదో నెలలో సీమంతం చేశారు. మా అమ్మ చలిమిడి, గాజులు, పూలు తీసుకుని వచ్చింది. నా జట్టు పిల్లలు నలుగురూ వచ్చారు. కొయ్యూరు పిల్ల నా చేతికి గాజులు తొడిగింది. అబ్బాయిలు పులిహోర మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. భోజనాలయ్యాక మా అమ్మ నా ఒళ్ళో చలిమిడి పెట్టి, నన్ను కారెక్కించి, తొలి కాన్పుకని రోలుగుంట వైపున్న మా పుట్టింటికి తీసుకుపోయింది. వాళ్ళు నలుగురూ వీధిలో నిలబడి చేతులూపారు. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మా దగ్గర ఎవరూ ఎవరికీ చెప్పే సంగతి కాదు. పొద్దున లేస్తే మొహం కడుక్కోవాలని ఎవరైనా చెబుతారా? అందరికీ తెలుసు. ఆటోకి తప్ప.

పుట్టింట్లో భయం ఇంకా పెరిగింది. కారణం మా అమ్మ. నాకంటే ముందు ఆమెకొక బిడ్డ. ఊడ్పుల రోజుల్లో నొప్పులు వచ్చాయట. ఊరంతా పొలాల్లో ఉంది. ఎడ్లబండి దొరికి, నర్సీపట్నం చేరేసరికి ఆలస్యమైపోయింది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఈ సంగతి మా అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు, మా మేనత్త చెప్పింది. అమ్మ ఏమీ అనదు గానీ, నేను మంచం మీద పక్కకి తిరిగినా "ఏటే? ఏటైనాది?" అని వచ్చి నిలబడేది. ఆమె కళ్ళలోకి చూస్తే నాకు చెమటలు పట్టేవి.

"భయం లేదమ్మా, యాప్ ఉంది. బటన్ నొక్కితే ఆటో వస్తుంది" అనేదాన్ని. ఆమెకి చెబుతూ నాకు నేను చెప్పుకునేదాన్ని.

అవీ ఊడ్పుల రోజులే. ఆ రోజు పొద్దున్నుంచి ముసురు. నాన్న పొలం వెళ్ళాడు. ఊళ్ళో ఉన్న ఆటోలు కూలీలని ఎక్కించుకుని ఎక్కడెక్కడికో పోయాయి. వీధిలో కుక్క కూడా లేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే నడుములో ఏదో పట్టి లాగింది. ఇంకా రోజులున్నాయి కదా అనుకున్నాను. మళ్ళీ లాగింది. తరవాత కాళ్ళ వెంట వెచ్చగా నీళ్ళు కారాయి.

మా అమ్మ అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గోడ పట్టుకుని నిలబడి, "ఫోన్ సెయ్యి" అంది.

ముందు అంబులెన్సుకే చేశాను. వాళ్ళు మర్యాదగా చెప్పారు. బండి కొయ్యూరు పైకి ఒక కేసు మీద వెళ్ళింది, వస్తుంది గానీ సమయం పడుతుంది, ఈలోగా వేరే బండి దొరికితే బయలుదేరమన్నారు. సరేనని యాప్ తెరిచి ఎర్ర బటన్ నొక్కాను. 'ఆటో బయలుదేరింది' అని వచ్చింది. ఆ మాట చదవగానే ప్రాణం లేచొచ్చింది. అమ్మకి చూపించాను. అమ్మ సంచిలో పాత చీరలు, ఫ్లాస్కు సర్దింది. నొప్పి వచ్చినప్పుడల్లా మంచం కోడు పట్టుకుని ఫోన్ వైపే చూశాను. కాసేపటికి పచ్చటి అక్షరాల్లో వచ్చింది. 'ఆటో మీ ఇంటి ముందు ఉంది.'

"ఒచ్చీసిందమ్మా" అన్నాను. పుట్టింటికి వచ్చినప్పటి నుంచి నా నోటికీ మా యాస వచ్చేసింది.

అమ్మ గొడుగు వేసుకుని వీధిలోకి వెళ్ళింది. వెంటనే తిరిగొచ్చింది. "ఎక్కడే? ఏదీ లేదు."

"సరిగ్గా సూడు."

మళ్ళీ వెళ్ళింది. ఈసారి చివరి ఇంటిదాకా వెళ్ళి వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. నేను గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. వీధి ఖాళీగా ఉంది. వానలో మట్టి రోడ్డు, ఎదురింటి తాళం, అంతే. చేతిలో ఫోను మాత్రం ఆటో నా ఇంటి ముందే ఉందని పచ్చగా చెబుతోంది. నాకు మతి పోయిందేమో అనిపించింది. దయ్యాల కథలంటే నాకు భయం గానీ, అంత భయం ఏ కథకీ పడలేదు.

అప్పుడు ఆటో డ్రైవరు ఫోన్ చేశాడు. "అమ్మా, బయటికి రండమ్మా. మీ అరుగు దగ్గరే ఉన్నాను. హారన్ కొడతన్నాను, ఇనబడతందా?"

మా పుట్టింటికి అరుగు లేదు.

అరుగు అత్తవారింటికి ఉంది. వేసవిలో పిల్లలు నిలబడి నొక్కిన చోటు అది. నేను ఇల్లు మారానని ఊరందరికీ తెలుసు, సీమంతం తిన్న ఆ నలుగురికీ తెలుసు, పేజీ పేజీకి సంతకం పెట్టిన నాకూ తెలుసు. ఒక్కరమూ పట్టికలో మార్చలేదు. ఫోన్లో వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఎవులికి నొప్పులు? మా కోడలికా? ఓలమ్మో, అది అమ్మోరింటికాడ ఉన్నాది రా నాయనా! ఒరే బాబూ, నన్నెక్కించుకో, బేగి పద!"

వాళ్ళు బయలుదేరారు. బయలుదేరి ఏం లాభం? కృష్ణదేవిపేట అవతల నుంచి నర్సీపట్నం మీదుగా మా ఊరు రావాలి. మళ్ళీ ఎర్ర బటన్ నొక్కాను. 'మీ కోసం ఒక ఆటో ఇప్పటికే వచ్చి ఉంది' అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. నేను మెచ్చుకున్న నియమం! ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదే కాబోలు. అమ్మ నేల మీద చతికిలబడి, "నాకప్పుడూ ఇలాగే..." అని మొదలుపెట్టి ఆపేసింది. నాకు చచ్చిపోతానన్న భయం వేయలేదు. బిడ్డ ఏడవదేమోనన్న భయం వేసింది. అది వేరే భయం.

కొయ్యూరు పిల్లకి ఫోన్ చేశాను. ల్యాబ్‌లోనే ఉంది.

"ఒసే, నా ఇంటి చోటు మార్చవే. నేను అమ్మ దగ్గరున్నాను. ఇప్పుడే మార్చు, ఆ పాత ఆటోని తీసెయ్యి."

"మేడం, దానికి స్క్రీన్ ఇంకా సెయ్యలేదండి. నేరుగా పట్టికలోనే మార్చాల. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దని మీరే..."

"ముట్టుకో!" అని అరిచాను. నొప్పి వచ్చి ఆ అరుపు ఇంకా పొడుగైంది.

"కాపీ తీస్తన్నానండి. తీసేశాను. మీ లొకేషన్ పంపండి." ఆ పిల్ల ఏడుస్తూ మాట్లాడుతోంది. సిగ్నల్ కోసం గుమ్మంలో వానలో చెయ్యి చాపి లొకేషన్ పంపాను. "మార్చేశాను మేడం, నొక్కండి."

నొక్కాను. 'ఆటో బయలుదేరింది.' ఈసారి నేను నమ్మలేదు. అమ్మ లేచి వెళ్ళి వీధి చివర వానలో నిలబడింది. 'ఆటో మీ ఇంటి ముందు ఉంది' అని పచ్చటి అక్షరాలు వచ్చినప్పుడు నేను ఫోన్ వైపు చూడకుండా గుమ్మం వైపు చూశాను. నిజంగా ఆటో, పసుపు రంగు, వానకి పట్టా కప్పి ఉంది. అమ్మ దాని పక్కన పరుగెత్తుతూ వస్తోంది.

ఎక్కాం. బయలుదేరాం. వీధి మలుపులో ఇంకో ఆటో ఎదురొచ్చింది. మా వీధిలో రెండు ఆటోలు పక్కపక్కన పట్టవు. ఎదురుగా వచ్చినవాడు తల బయటికి పెట్టి, "ఇక్కడ ఎవులికో నొప్పులంట, ఏ ఇల్లు?" అని అడిగాడు.

"ఇదిగో, ఎక్కించుకున్నాను, నువ్వెల్లిపో" అన్నాడు మావాడు.

"కాదన్నా, ఇదెవులో వేరే ఆవిడ" అని ఫోన్ చూపించాడు. అందులో ఉన్నది నా పేరు కాదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం జరిగిందో నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. ఒక మనిషి నొప్పులతో చెవిలో అరుస్తుంటే, ఆ పిల్ల కంగారులో ఇల్లు మార్చమని కంప్యూటరుకి చెప్పింది. ఎవరి వరసలో మార్చాలో చెప్పడం మరిచిపోయింది. పట్టికలో ఉన్న గర్భిణులందరి ఇల్లూ మా పుట్టిల్లయిపోయింది. క్లాసందరికీ ఆబ్సెంట్. ఈ క్షణంలో ఆ పట్టికలో ఎవరు బటన్ నొక్కినా, ఏ కొండ మీద నుంచి నొక్కినా, ఆటో మా వీధికే వస్తుంది. వాళ్ళు గుమ్మంలో నిలబడి ఖాళీ వీధి వైపు చూస్తారు. నేను ఇందాక చూసినట్టే.

"పోనీ, పోనీ" అని అమ్మ డ్రైవరు భుజం కొడుతోంది. "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. ఎదుటి ఆటోవాడి ఫోన్ లాక్కుని ఆ పేరు మీద ఉన్న నంబరుకి చేశాను. ఎవరో ముసలామె ఎత్తింది. వెనక ఒక ఆడపిల్ల మూలుగుతోంది.

పట్టికలో ఉన్న ప్రశ్న 'మీ ఇల్లు ఎక్కడ?' నేను అది అడగలేదు.

"ఇప్పుడు ఎక్కడున్నారమ్మా? ఈ నిమిషం?"

"మా ఇంటికాడండి, నేను దాని అమ్మని. రోలుగుంట దాటి, రైసుమిల్లు ఎనక సందు. దానికి మొదటి కాన్పండి, బాబ్బాబు బేగి రమ్మనండి."

అది మాకు పక్క ఊరు. డ్రైవరుకి చెప్పాను. అతను ఆటో వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మా ఆటో కదిలింది. గతుకుల్లో పళ్ళు బిగబట్టి కొయ్యూరు పిల్లకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అటునుంచి కీబోర్డు టకటకలు వినబడ్డాయి. తరవాత, "కాపీ ఉంది మేడం, ఎక్కించేస్తన్నాను. అందరి ఇళ్ళూ మొదటిలాగే వచ్చేస్తాయి" అంది. నేను ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకున్నాను. ఆ మొదటిది మాత్రం ఏం సరిగ్గా ఉందని?

నర్సీపట్నం ఆసుపత్రిలో, కాన్పు బల్ల మీద నాకు గుర్తున్నది మా అమ్మ మొహం ఒక్కటే. లోపలికి రానివ్వకపోతే తలుపు సందులోంచి చూస్తోంది. నా వైపు కాదు, నర్సు చేతుల వైపు. నా కూతురు బయటికి వచ్చింది. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. ఆ క్షణంలో తలుపు దగ్గర అమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తరవాత నా కూతురు పెద్దగా, కోపంగా ఏడ్చింది. బయట మా అమ్మ ఆ పిల్ల కంటే గట్టిగా ఏడ్చింది. ఆమె మొదటి బిడ్డ కోసం కూడా కలిపి ఏడ్చిందని నాకు అనిపించింది.

సాయంత్రానికి మా అత్తగారు ఆటోలో తడిసి ముద్దయి దిగింది. మనవరాలిని చూసి, "దీనికి మాత్రం బల్లంటే బయం ఉండకూడదు" అంది. ఆ వెనకే కొయ్యూరు పిల్ల వచ్చి వార్డు గుమ్మంలో నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. రమ్మంటే రాదు.

పక్క మంచం మీద ఉన్నది ఆ రైసుమిల్లు సందు అమ్మాయే. మగపిల్లాడు. రక్తం బాగా పోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంటుంటే నేను విన్నాను. ఆమె అత్తవారిది ఎక్కడని అడిగాను.

"కొయ్యూరు మీదండి. పైన, కొండ మీద. అక్కడే ఈ పిల్లలొచ్చి ఫోన్లో ఎక్కించీనారు" అని కొయ్యూరు పిల్ల వైపు చూసి నవ్వింది. "మంచి పని సేసినారండి. నొక్కినాను, ఒచ్చీసింది."

గుమ్మంలో ఉన్న పిల్ల నా వైపు చూసింది. నేను ఆ పిల్ల వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పట్టిక మేం అనుకున్నట్టు సవ్యంగా ఉండి ఉంటే, ఆ ఆటో కొయ్యూరు కొండ మీద ఒక ఇంటి ముందు హారన్ కొడుతూ ఉండేది. ఈమె రైసుమిల్లు సందులో వాకిట్లోకి చూస్తూ ఉండేది. మా తప్పు మీద ఇంకో తప్పు పడి, ఆటో దారి తప్పి ఈమెకి పక్క ఊరైన మా ఊరికి వచ్చింది. అంతే. మేం చేసిందేమీ లేదు.

ఆ పిల్ల మెల్లగా దగ్గరికి వచ్చి, చెవిలో అడిగింది. "మేడం, ఈ కేసుని రిపోర్టులో ఏటని రాయమంటారండి? పాసా, ఫెయిలా?"

"ఫెయిల్" అన్నాను. "మొదటి పేజీలోనే రాయి. అక్కణ్ణుంచి మళ్ళీ అడుగుదాం."

మెల్లగా అన్నాననే అనుకున్నాను. పక్క మంచం మీద అమ్మాయికి వినబడింది. బిడ్డని గుండెకి పొదువుకుని, ఏమీ అర్థంకాక నా వైపు చూసింది.

"ఫెయిలేటండీ? నేనూ, నా బిడ్డా ఇక్కడే ఉన్నాం గదా."

నాకు ఆ మంచం మీద కొత్త భయం పుట్టింది. ఏడాదికోసారి, మొదటి యూనిట్ చెప్పడానికి చాక్‌పీసు పట్టుకున్నప్పుడు ఇప్పటికీ పుడుతుంది.